జావా చచ్చిపోయిన సాయంకాలం

చిత్తూరు గిరింపేటలో ఫకృద్దీన్ మెకానిక్ షెడ్డు. 1985, మధ్యాహ్నం మూడున్నర. బెల్లం మండీ దొరస్వామి తన పాత జావా మోటారు సైకిలుకు స్టాండు వేసి, షెడ్డు తలుపు ఒక రెక్క దగ్గరికి లాగి మరీ మాట్లాడుతున్నాడు. మంచి పనికి వచ్చినవాడికి తలుపు లాగే అవసరం ఏమొచ్చిందో మీరే చెప్పండి.

"మెల్లిగా మాట్లాడు సాయిబూ! చెవిటోనికి చెప్పినట్టు ఏంటికట్ల అరస్తావు?"

"అరవక ఏం జేసేది దొరస్వామన్నా? ఇరవై ఏండ్లుగా ఈ షెడ్డు నడపతా ఉండా. బండి బాగు చెయ్యమని వచ్చినోళ్లనే సూసినా. చెడగొట్టమని వచ్చినోడివి నువ్వొక్కడివే."

"చెడగొట్టమనలేదప్పా. నడవకుండా చెయ్యమంటా ఉండా. అంతే."

"రెండూ ఒకటే గదా?"

"ఎట్ల ఒకటైతాది? శుక్రవారం మళ్లా నడవాల."

"ఈ పొద్దు సావాల, శుక్రవారం లేవాల. అంతేనా?"

"ఆ, అంతే! ఈ పొద్దు నాలుగు గంటలకి మా ఇంటామె ముందర సావాల. శుక్రవారం తిరుపతిలో షోరూమోని ముందర గుర్రం మాదిరి ఉరకాల."

"మధ్యలో ఈ షోరూమోడెవుడు?"

"పాత బండి ఇచ్చి, పైన రొంత కడితే కొత్తది ఇస్తానన్నాడు. జపాన్ ఇంజను సాయిబూ! మూడువందల యాభై సీసీ. ఆరు గేర్లు. రెండు సైలెన్సర్లు. అది నిలబడి ఉంటేనే ఉరకతా ఉన్నట్టు ఉంటాది."

"ఆ, తెలుసులే."

"నీకెట్ల తెలుసు?"

"నేను మెకానిక్కునన్నా. తెలీకుండా ఎట్లుంటాది? ఆ గుడ్డ ఇట్లియ్యి, చేతులు తుడుచుకోవాల."

"మా మండీ ఎదురుగా ఉండే మునిరామయ్య కొన్న్యాడు. మొన్న ఐరాల రోడ్డులో నన్ను దాటి పోయినాడు. పోయినోడు పోయినట్టు పోకుండా, తిరుక్కోని వచ్చి, మళ్లా దాటినాడు."

"రెండుసార్లా?"

"రెండోసారి చెయ్యి ఊపినాడు."

"అయ్యో."

"వయసులో నాకంటే రెండేండ్లు పెద్దోడు సాయిబూ! మోకాళ్ల నొప్పులని మండీ మెట్లెక్కడానికి మూల్గుతాడు. వాడు చెయ్యి ఊపుతాడా నాకు? ఆ పొద్దు నుంచి అన్నం సయించలే నాకు."

"అయితే కొనుక్కో. ఎవురొద్దన్నారు? ఈ నాటకమంతా ఏంటికి?"

"కాణిపాకంలో ప్రమాణం చేసినా గదప్పా!"

"ఏమని?"

"మూడేండ్ల కిందట మా బావమరిది కొత్త బండి అడిగి తీసుకుని పుత్తూరు మలుపులో పడినా సూడు..."

"చెయ్యి ఇరిగింది. పుత్తూరు కట్టు కట్టించినారు. నలభై దినాలు."

"ఆ నలభై దినాలూ మా ఇంటామె పంకజాక్షే అన్నం కలిపి పెట్టింది. తల దువ్వింది. పంచె కట్టింది. ఒక్క మాట అనలే. నలభై ఒకటో దినం కట్టు విప్పినాక, ఇంటికి పోదాం పా అని బస్సెక్కించి, కాణిపాకంలో దించింది. నెత్తిన నాలుగు బిందెలు కుమ్మరించి, తడిగుడ్డలతోనే వినాయకుని ముందర నిలబెట్టి, ఇంగ చెప్పు అనింది."

"నువ్వేం జెప్పినావు?"

"'మా జావా నడిచినన్నాళ్లూ ఇంకో మోటారు బండి హ్యాండిలు పట్టను.' అట్లని చెప్పినా."

"మరి పట్టబాకు."

"అందుకే గదప్పా దీన్ని నడవకుండా చెయ్యమంటా ఉండేది! ఇది నడవకపోతే ప్రమాణం తీరిపోయినట్టే."

"దేవునికే టోపీ పెడతావా దొరస్వామన్నా?"

"టోపీ ఎట్లైతాది? నాలుగు గంటలకి నిజంగానే నడవదు గదా."

"ఆయప్ప కాడ దొంగమాట చెప్పాలంటే మా సాయిబులం కూడా భయపడతాం. ఉత్తుత్తి సావు నా షెడ్డులో వద్దు. చెయ్యాలంటే నిజంగానే చేసేద్దాం. పిస్టను పగలగొట్టేదా?"

"నీ నోట్లో మన్నుబడ! పోయిన ఏడాదే గదా మద్రాసు నుంచి తెప్పించి ఏసినావు!"

"అయితే పెట్రోలు టాంకులో బెల్లం ఏద్దాం. నీ మండీలో కావల్సినంత ఉండాది."

"బెల్లమా? కడుపంతా జిగట పట్టి పోదా, పాపం?"

"బండికి కడుపేందన్నా!"

"నీకు తెలీదులే."

"చైను తెంపేదా?"

"రోడ్డు మింద అందరూ సూస్తా ఉంటే తోసుకోని పోవాల. దానికి ఎంత అవమానం!"

"క్లచ్చు ప్లేట్లు కాల్చేద్దాం."

"కాల్చేదా? మనిషివా నువ్వు?"

"పోనీ, సుత్తితో ఇంజను మింద ఒక్కటంటే ఒక్కటి..."

"ఆపు! ఆ సుత్తి కింద పెట్టు. ఆడ కాదు, ఆ మూల పెట్టు. ఇంగా అవతలికి."

"అన్నా, ఒక మాట అడగతా. కోపం తెచ్చుకోబాకు. నీకు ఈ బండి పోవాల్నా, ఉండాల్నా?"

"పోవాల. పోక ఏం? కానీ... నొప్పి లేకుండా పోవాల."

"నొప్పి!"

"నువ్వు నవ్వబాకు సాయిబూ. పెండ్లయిన మర్నాడు పంకజాక్షిని ఐరాల నుంచి దీని మిందనే తెచ్చుకున్న్యా. దోవ పొడుగునా వాన. ఎడ్ల బండ్లు ఆగిపోయినాయి, బస్సు ఆగిపోయింది, ఇది ఆగలే. మా నాయనకి గుండెనొప్పి వచ్చినపుడు డాక్టర్ని దీని మిందనే ఎక్కించుకోని వచ్చినా. అర్ధరాత్రి అని దీనికేమన్నా తెలిసిందా? ఒక్క కిక్కుకే లేసింది."

"మరి అంత ప్రేమ ఉన్నోడివి..."

"అంత ఉండాది. కానీ మునిరామయ్య చెయ్యి ఊపినాడు గదా!"

"సరే, సరే. ఒక పని చేద్దాం. కరెంటు తీగ ఒకటి ఉండాది, అది పీకి మూత కిందకి తోసేద్దాం. ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. మళ్లా తగిలిస్తే ఎప్పటి మాదిరే."

"దానికేం కాదు గదా?"

"ఏం కాదు. నువ్వే పీకు. ఇదో, ఈ తీగ."

"నేనా?"

"నీ ప్రమాణం, నీ చెయ్యి. నా పేరు మధ్యలో వద్దు. ఇంగో మాట. మీ ఇంటి టీచరమ్మ నన్నేమన్నా అడిగితే అబద్ధం చెప్పను. గమ్మునుంటా."

"గమ్మునుండు చాలు. పీకినా. అయ్యో... పీకినాను సాయిబూ. తప్పు చేసినట్టుండాది మనసులో."

"చేసినావు గదా మరి."

నాలుగు కావడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉండగానే పంకజాక్షి వచ్చేసింది. ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. మెడలో విజిలు కూడా తీయలేదు.

"ఏమయ్యా, సచ్చిపోయిందని స్కూలుకి మనిషిని పంపించినావంట! ఎవురో ఏమోనని ఖోఖో మధ్యలో ఆపేసి పరిగెత్తుకోని వచ్చినా."

"జావా, పంకజా. మన జావా."

"పొద్దున బాగానే పోయినావు గదా, దుమ్ము లేపుకుంటా."

"పొద్దున బాగుండె. మధ్యాన్నం ఉన్నట్టుండి... టప్పుమనింది."

"ఫకృద్దీనన్నా, ఏమైందంట?"

"నాకు ఈ స్పానర్లు కడిగే పని శానా ఉండాదమ్మా."

"సాయిబు బాధలో ఉండాడు పంకజా, అడగబాకు. కావాలంటే నువ్వే కిక్కు కొట్టి చూడు."

"ఇదో, కొట్టినా. పలకలే. ఇంకోపారి. ఊహూ. ఇంకోపారి. అయ్యో పాపం."

"పాపమే. పద్దెనిమిది ఏండ్లు మనతో ఉండాది. ఏం జేస్తాం, దాని ఆయుష్షు అంతే. అంటే పంకజా, ఆ కాణిపాకం మాట... ఇంగ తీరిపోయినట్టేనా?"

"తీరిపోయినట్టే. నడవని బండికి ప్రమాణమేంది? నువ్వు కొత్తది కొనుక్కో."

"నిజంగానా? మా తల్లే! నువ్వు ఇంత మంచిదానివని నాకు ముందే తెలుసు!"

"ముందు దీన్ని సాగనంపుదాం."

"శుక్రవారమే! తిరుపతి షోరూమోనితో మాట్లాడేసినా. తెల్లారి నేనే నడుపుకుంటా పోయి..."

"ఏమంటివి?"

"అదే... తోసుకుంటా పోయి."

"డెబ్బై కిలోమీటర్లు తోసుకుంటా పోతావా?"

"లారీలో. లారీలో ఏసుకోని పోతా."

"సచ్చిన బండిని షోరూమోడు నెత్తిన పెట్టుకుంటాడా ఏంది? ఎదురు అంగట్లో పాత ఇనుము హిదాయతుల్లా ఉండాడు గదా, తూకానికి ఇచ్చేద్దాం. ఓ హిదాయతుల్లా భాయ్!"

"పిలవబాకు! ఏమ్మే, పిలవబాకు!"

"ఏం? ముక్కలు చేసి ఇస్తే వెంటనే తీసుకుంటాడు. ఆ మూల సుత్తి ఉండాది గదా, నేనే చేస్తా. అన్నా, జరుగు. ముందు దీపం పగలగొడతా."

"దీపం నిన్నేం జేసింది?"

"సచ్చినదానికి కండ్లేంటికి?"

"ఒసే, ఆగే! నీకు దండం పెడతా, సుత్తి దించు! అది సావలే. బతికే ఉండాది!"

"ఏంది?"

"తీగ పీకినాం. నీ ముందర సచ్చినట్టు పడుండాలని, నేనూ సాయిబూ..."

"నన్ను కలపబాకన్నా. నేను తీగ చూపించినా. పీకింది నువ్వే."

"సరే, నేనే. నేనే పీకినా. పాపిష్టోణ్ణి."

"తెలుసులే. లోపలికి వస్తానే చూసినా, మూత కింద తోక మాదిరి వేలాడతా ఉండె."

"అది కరెంటు తీగ అని నీకెట్ల తెలుసు?"

"ముందు తగిలించు. తరువాత మాట్లాడదాం."

"ఇదో తగిలించినా. ఇదో కిక్కు. విన్నావా? విన్నావా పంకజా? ఒక్క కిక్కుకే! ఎట్ల పలకతా ఉండాదో విను!"

"వింటా ఉండా. ఏంటికి ఏడస్తా ఉండావు?"

"పొగ. కంట్లో పడింది."

"పొగ అటు పక్కకి పోతా ఉండాది."

"సరే, ఏడస్తా ఉండా! ఏడిస్తే ఏంది? నాకొద్దు ఆ జపాన్ బండి. మునిరామయ్య పదిసార్లు దాటుకోనీ, చెయ్యి కాకపోతే కాలు ఊపుకోనీ. నువ్వు సుత్తి ఎత్తినపుడు నా గుండె ఆగిపోయింది పంకజా. దీన్ని ఇచ్చేసి నేను ఉండలేను. నేను ఉండేంత వరకూ దీని మిందనే తిరగతా."

"మనసులోంచి చెప్పతా ఉండావా?"

"మనసులోంచే. కావాలంటే పా, కాణిపాకం ఇప్పుడే పోదాం, ఇంకో ప్రమాణం చేస్తా."

"వద్దులే, మొదటిది చాలు. ఫకృద్దీనన్నా, ఇంగ ఆ కాయితం ఇచ్చెయ్యి."

"ఏం కాయితం? సాయిబూ, ఏం కాయితం? నువ్వేంటికి అటు తిరిగి నవ్వతా ఉండావు?"

"ఇంట్లో ఉంటే నీ కంట పడతాదని టీచరమ్మ నా కాడ దాచిపెట్టిందన్నా. ఇదో."

"తిరుపతి... కొత్త మోటారు సైకిలు... మూడువందల యాభై సీసీ... డెలివరీ శుక్రవారం... శ్రీమతి పంకజాక్షి... ఏమ్మే! ఇది నీ పేరు!"

"నా జీతంలో దాచుకున్న దుడ్లు. నా పేరు కాక ఇంకెవురి పేరుంటాది?"

"పంకజా! నేను నిన్ను మోసం చెయ్యాలని చూస్తే, నువ్వు నా కోసరం దుడ్లు దాచి..."

"నీ కోసరమని ఎవురు చెప్పినారు?"

"మరి నడిపేదెవురు?"

"నేనే."

"నువ్వా? నీకు సైకిలు తప్ప ఏమొచ్చు?"

"ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం నువ్వు సంగటి తిని గురక పెట్టేటప్పుడు నీ జావా యాడికి పోతా ఉందనుకున్నావు? పోలీసు గ్రౌండులో నేర్చుకున్నా. ఫకృద్దీనన్న నేర్పించినాడు. వదిన షరీఫున్నీసా వేపచెట్టు కింద కూర్చోని ఎవురూ రాకుండా చూసింది."

"సాయిబూ! నువ్వు కూడానా!"

"అమ్మ చెయ్యి బంగారమన్నా. గేరు మారిస్తే చప్పుడే రాదు. నీకంటే శానా మేలు."

"చీరతోనా?"

"ఇరవై ఏండ్లుగా చీరతోనే గదా పరిగెత్తతా ఉండా స్కూల్లో. దిగులు పడబాకు. ఆదివారం నా ఎనక కూర్చో, ఐరాల దాకా పోయి వద్దాం."

"ఎనక కూర్చోవాల్నా! ఇంట్లో మూడువందల యాభై పెట్టుకోని నేను ఎనక కూర్చోవాల్నా! పంకజా, ఒక్కసారి ఇయ్యి. ఒక్కటే ఒక్కసారి. మునిరామయ్యను దాటేసి, అట్లనే తెచ్చి నీ ముందర నిలబెట్టేస్తా."

"జావా నడస్తా ఉండాది గదయ్యా. ఒక్క కిక్కుకే అని నువ్వే చూపిస్తివి."

"అన్యాయం! కాణిపాకం ఇద్దరం కలిసే గదా పోయినాం? ఇద్దరం కలిసే గదా దేవుని ముందర నిలబడినాం? మరి ఆ ప్రమాణం నాకొక్కనికేనా?"

"నిలబడింది ఇద్దరం. చేసింది నువ్వొక్కడివే. నేనెందుకు చేస్తానయ్యా?"