నాంచారమ్మ నడిపిన డొంకదారి

నాంచారమ్మ నడీడులో సైకిలు నేర్చుకుంది. నవ్వమాకండి, ముందు వినండి. సన్నాయి కోటిలింగం పెళ్ళాం ఆవిడ, మన చినతాడిపర్రులో పడమటి బజారు. కోటిలింగం సన్నాయి ఊదాడంటే పెళ్ళికొడుకు కూడా తాళి సంగతి మర్చిపోయి అటే చూసేవాడనుకో, అట్టాంటి వాయిద్యం. సన్నాయిని గుడ్డసంచిలో పెట్టి వీపుకి కట్టుకుని సైకిలెక్కేవాడు, వెనకాల ఇంకో సైకిలు మీద డోలు సాంబయ్య. సాంబయ్య ఎవరంటే నాంచారమ్మ తమ్ముడే, బావంటే ప్రాణం. ఇట్టా బాగానే జరిగిపోతా ఉంటే ఏమైందంటే, ఆ నాలుగు వరసల పెద్దరోడ్డు పడింది గదా, దాని మీద ఒకనాడు లారీ ఒకటి వెనకనించి వొచ్చి కోటిలింగాన్ని రాసుకుంటా పోయిందంట. ఆగనన్నా ఆగలేదు. మనిషి ఎగిరి పక్క బోదె కాలవలో పడ్డాడు. బోర్లా పడ్డాడు గాబట్టి వీపు మీద సన్నాయికి ఏమీ కాలేదు. కాలు మాత్రం విరిగింది.

కట్టు కట్టారు, కట్టు విప్పారు. కాలు అతికింది గాని మోకాలు వంగదు, సైకిలు తొక్కలేడు. అదైనా సర్దుకునేవాడే. అసలు సంగతి ఏంటంటే, మనిషి లోపల ఏదో అతకలేదు. ఎక్కడన్నా హారన్ మోగిందంటే చాలు, చెమటలు పట్టి గుంజని పట్టుకుని నిలబడిపోయేవాడంట. సాంబయ్య ఆటో తెచ్చి, బావా ఎక్కు, నేను పక్కనే కూర్చుంటా, నీ చెయ్యి పట్టుకుంటా అన్నాడు. ఎక్కాడు పాపం. పెద్దరోడ్డు మలుపు దాకా పోయి, ఆపరా, నావల్ల కాదురా సాంబా, దించెయ్యి అని దిగిపోయి, కుంటుకుంటా నడిచొచ్చేశాడు. ఆ రోజునించి సన్నాయి సంచి కొయ్యకి తగిలించాడు. ఇంట్లో కూడా ఊదలేదు. ఏందయ్యా అంటే, ఊపిరి చాలటంలేదే అన్నాడంట.

ఇప్పుడు నాంచారమ్మ సంగతి చూడండి. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఏడవను కూడా ఏడవలేదు. మధ్యాన్నం పూట ఆయన కునుకు తీసే వేళకి మూలనున్న సైకిలు తీసుకుని కాలవ కట్ట మీదకి పోయేది. చీర ఎగదోపి కట్టి తొక్కటం, పడటం. మళ్ళా తొక్కటం, మళ్ళా పడటం. ఒకసారి కాలవలోనే పడిందంట, అక్కడ బాతులు మేపుకునే ఏసోబు చెయ్యిచ్చి లాగాడు. ఎందుకమ్మా నీకీ కష్టం అన్నాడు ఏసోబు. ఆవిడ కొంగు పిండుకుంటా, అది సరే గాని అన్నా, నువ్వు బాతుల్ని తోలుకుని ఊళ్ళన్నీ తిరుగుతావు గదా, లారీ గాని బస్సు గాని రాని దార్లు ఏమున్నాయో చెప్పు అంది. ఏసోబు నిదానంగా మాట్లాడే మనిషి. గట్టున కూర్చుని చుట్ట ముట్టించుకుని, ఎందుకు లేవమ్మా, పెద్దరోడ్డు పడ్డాక వాటి మొగం చూసినోడు లేడు గాని బోలెడున్నాయి అన్నాడంట. ఇదుగో ఈ కట్ట మీద లాకుల దాకా పో, అక్కడ వంతెన దాటితే పాత తారు రోడ్డు, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంటది, దాని మీద నువ్వూ నీ నీడా తప్ప ఎవరూ ఉండరు, దాని చివర తుమ్మల డొంక, ఒకప్పటి బండిదారి, డొంకలోంచి ఎటు కావాలంటే అటు పోవచ్చు అని చెప్పాడు.

అట్టా చెయ్యి తిరిగాక ఒకరోజు పొద్దున్నే, మావా, రా, అట్టా పోయొద్దాం అంది. మొగుణ్ణి మావా అనే పిలిచేది ఆవిడ. ఆయన సైకిలు వంకా పెళ్ళాం వంకా చూసి, నువ్వు తొక్కుతావా, నేను కూర్చోవాలా అన్నాడు. అవును, కూర్చో, కాలు పక్కకి చాపుకో అంది. ఊరు నవ్వదా మరి, నవ్వింది. నేను కూడా నవ్వా, అబద్ధమెందుకు. ఆవిడ చెవినే వేసుకోలేదు. కట్ట మీద పోతా ఉంటే నీళ్ళ చప్పుడు, లకుముకి పిట్ట ఒకటి టపీమని నీళ్ళలోకి దూకటం, ఎవరిదో దూడ దారికడ్డంగా నిలబడి కదలకపోవటం. అంతే. మొదట్లో కోటిలింగం ఆవిడ నడుం దగ్గర చీర గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. రోజూ పోతున్నారనుకో, పోంగా పోంగా పట్టు కొంచెం వొదులైంది. ఒకరోజు ఆ పాత తారు రోడ్డు మీద పోతా ఉంటే ఆవిడకి వెనకనించి సన్నగా ఏదో వినపడింది. కోటిలింగం కూనిరాగం తీస్తన్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆపేస్తాడని. మలుపు వొచ్చింది, ఇంటికి తిరగాలి. తిరగలేదు. ఆ రాగం ఎంత దూరం పోతే అంత దూరం తొక్కింది. మర్నాడు కాళ్ళు వాచిపోయి మంచం దిగలేదు. ఎందుకే అంత దూరం పోయావు అని అడిగితే, దారి తప్పా మావా అందంట.

అప్పుడొచ్చింది రాఘవమ్మగారి మనవరాలి పెళ్ళి. రాఘవమ్మగారంటే పెద్దరోడ్డుకి అవతల ఊరు, పెద్ద మనిషి. మా ఇంట్లో ఏ పెళ్ళయినా మూడుముళ్ళు కోటిలింగం సన్నాయితోనే పడ్డాయి, అతను రాకపోతే నేను పీటల దగ్గరికి రాను అని కూర్చుందంట ముసలావిడ. సాంబయ్య వొచ్చి చెప్పాడు. కోటిలింగం తలొంచుకుని, రోడ్డు దాటాలిగా అన్నాడు. నాంచారమ్మ అప్పటికే ఏసోబుని అడిగి ఉంచింది. రోడ్డు కింద పెద్ద తూము ఉంది మావా, బాతులు అందులోంచే అటు పోతాయంట, మనమూ పోదాం అంది. సరేనని బయల్దేరారు. సాంబయ్య డోలు తీసుకుని ముందే పోయాడు.

ముహూర్తం పొద్దెక్కాక. కట్ట దాటారు, లాకులు దాటారు, డొంక దాటి తూము కాడికి వొచ్చేసరికి ఏముంది, ఆ రోజే కాలవకి నీళ్ళు ఎక్కువొదిలారు. తూములో నడుం లోతు నీళ్ళు. నాంచారమ్మ సైకిలు ఆపి, మావా, పైనుంచి పోదామా, కిందనుంచి పోదామా, ఇంటికి పోదామా, నువ్వేదంటే అదే, నాకేం కోపం లేదు అంది. ఆయన పైన రోడ్డు వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. కిందనుంచే పోదామే అన్నాడు. ఆవిడ సైకిలు భుజాన ఎత్తుకుని ముందు దిగింది. ఆయన సన్నాయి సంచి నెత్తిన పెట్టుకుని వెనక. సగం దూరం పోయారో లేదో, పైన లారీ పోయింది. తూమంతా దడదడలాడింది. నాంచారమ్మకి వెనక నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. భుజాన సైకిలు, తిరగటానికి చోటు లేదు. మావా అంది. పలకలేదు. మావా, ఈ మోత ఏ శ్రుతిలో ఉందో చెప్పు అంది. పైన ఇంకో లారీ పోయింది. అప్పుడు చీకట్లోంచి కోటిలింగం, శ్రుతి ఎక్కడ ఏడిసిందే, ఒట్టి అపస్వరం అన్నాడు. అని నవ్వాడంట. మళ్ళా వెనక నీళ్ళు కదిలినయి.

పెళ్ళింట్లో సాంబయ్య ఒక్కడే డోలు వాయించి వాయించి చేతులు ఎర్రబడి కూర్చున్నాడు. వీళ్ళిద్దరూ బురద కారుకుంటా వొచ్చారు. రాఘవమ్మగారు ఏమీ అడక్కుండా ఆయనకి పంచె, ఆవిడకి తన చీర ఇచ్చి, తుడుచుకుని రండి అంది. ఇంక ఆ రోజు ఆయన వాయించింది నేనేం చెప్పను, నేనక్కడే ఉన్నా. వంటోళ్ళు పొయ్యి కాడ గరిటె ఆపేశారు. నాంచారమ్మ మాత్రం ఒక్క ముక్క వినలేదు. వంటపాక వెనక కూరగాయల బస్తాకి ఆనుకుని నిద్రపోయింది, సైకిలు మోసిన అలుపు మరి. తిరిగి పోయేటప్పుడు తుమ్మల డొంకలో, ఆపవే అన్నాడంట ఆయన. దిగి, సంచి విప్పి, నువ్వు వినలేదుగా అని, పెళ్ళిలో వాయించిందంతా మొదటినించీ ఆవిడొక్కదాని కోసం ఊదాడు. తుమ్మచెట్టు కింద నిలబడి విందంట, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా.

భయం పోయిందా అని అడుగుతావు నువ్వు. పోలేదబ్బాయ్. చచ్చేదాకా పెద్దరోడ్డు ఎక్కలేదు. డొంకలు పోయే ఊళ్ళ వరకే పెళ్ళిళ్ళు చేశాడు, డొంకలు చాలా ఊళ్ళకే పోతాయి. ఇప్పుడు ఆ దారెంట బడిపిల్లలు, పాలోళ్ళు, ఒంటరి ఆడోళ్ళు అందరూ సైకిళ్ళ మీద పోతన్నారు, నిమ్మళంగా, మాట్లాడుకుంటా. ఈ కథ మొన్న మా ఇంట్లో చెప్పా. మా ముసలిది కూడా కూర్చుని విన్నది. నిన్న సైకిలుకి గాలి కొట్టించుకు రమ్మంది. ఎందుకే అంటే చెప్పదు. సైకిలు వెనక కేరేజీ మీద మాత్రం గోనెపట్టా మెత్తగా మడిచి కట్టింది. నాదేముంది, కూర్చోమంటే కూర్చుంటా.