పైపోర్షన్ పాట

వనస్థలిపురంలో ఆ పైపోర్షన్ తలుపు తీసేసరికి ఎదురుగా ఇంటి ఓనరమ్మ. లోపల పాట మోగుతోంది. కిరాయికుంటున్న ఆమె తానే ముందుగా అంది.

"తగ్గిస్తున్న ఆంటీ, జర సౌండ్ ఎక్కువైనట్టుంది."

"పాట గురించే వచ్చాను. పది రోజులు ఏమైపోయింది?"

"ఏంది ఆంటీ?"

"రోజూ పొద్దున్నే తగ్గించమని అరిచేదాన్ని. పైనుంచి చప్పుడే లేకపోయేసరికి, అడగడానికి భయమేసింది."

"మా ఆయనకు మెడల గడ్డ లేచింది ఆంటీ. దవాఖాన్ల ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. పాట పెట్టబుద్ధి కాలే."

"మరి ఇవాళ?"

"రిపోర్ట్ ఒచ్చింది. క్యాన్సర్ కాదట, ఉత్త గడ్డేనట. ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్న. పాట ఎప్పుడు పెట్టిన్నో నాకే ఎరుక లేదు."

ఓనరమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"రేపట్నుంచి మళ్ళీ అరుస్తాను. ఇవాళ మాత్రం ఇంకాస్త పెంచు."