చూడకుండా ‘చూశాను’ అనని అనంతపద్మనాభం గారు

1991 జూన్ పన్నెండో తేదీన శ్రీ అనంతపద్మనాభం గారు లాల్‌దర్వాజాలోని మన బ్లడ్ బ్యాంక్‌లో గణాంక సహాయకులుగా ఉద్యోగంలో చేరారు. అప్పటికి కార్యాలయంలో ఉన్నది ఒక్క కంప్యూటర్. దానిమీదొక గుడ్డ, ఆ గుడ్డ తీయడానికి పై అధికారి అనుమతి. పద్మనాభం గారు ఆ గుడ్డ తీసేశారు, మళ్ళీ కప్పనివ్వలేదు.

1998లో వారు కంప్యూటర్ విభాగానికి అధిపతి అయ్యారు. 2005లో ఆసుపత్రులు రక్తం కోసం ఇంటర్నెట్‌లోనే అభ్యర్థన పంపుకునే వెబ్‌సైట్‌ను నిర్మించారు. దానికి వారు విధించిన కట్టుబాటు మన లాబొరేటరీ నుంచి తెచ్చుకున్నదే. పరీక్ష కాని రక్తపు సంచికి మనం లేబుల్ అంటించం. అలాగే బయటినుంచి వచ్చే ప్రతి వివరానికీ ప్రోగ్రాంలో ‘తనిఖీ కానిది’ అని గుర్తు రాయాలి; తనిఖీ గుండా నడిచి వస్తేనే అది ‘తనిఖీ అయినది’ అవుతుంది. ప్రోగ్రాంను నడపకముందే దాని రాతను చదివి తప్పు పట్టే మరో ప్రోగ్రాం కాపలా ఉండేది. తనిఖీ కాని వివరం రక్తం విడుదల చీటీ దాకా పోయే దారి ఎక్కడ కనిపించినా అది ఆపేసేది.

వెబ్‌సైట్ ప్రారంభానికి ముందురోజు బోనాల ఆదివారం. వీధిలో డప్పులు మోగుతున్నాయి. ఆ సాయంత్రమే వారి ఏకైక కుమార్తె చిరంజీవి వేదశ్రీ తొలి ఉద్యోగానికి విశాఖపట్నం వెళుతోంది. ఆమెను రైలెక్కించడానికి పద్మనాభం గారు లేవబోతుండగా, పొద్దుటినుంచి తప్పు పడుతున్న కాపలా ప్రోగ్రాం హఠాత్తుగా ఊరుకున్నది. వారికి అనుమానం వచ్చింది.

“ఏం చేసినవ్ వైకుంఠం?”

యువ ఇంజనీరు వైకుంఠం నవ్వాడు. “బ్లడ్ గ్రూపు మీద ‘తనిఖీ అయినది’ అని నేనే రాసిన సార్. పంపేది మన దవాఖానోళ్ళే గదా, ఫికర్ ఏంది? ఇంక దీనితోని లొల్లి వెట్టుకుంటే బోనాలు అయిపోతయ్.”

“మనోళ్ళ రక్తమే గదా అని, పరీక్ష చెయ్యకుండ సంచికి లేబుల్ అంటిస్తవా?”

వైకుంఠం కుర్చీ మళ్ళీ కంప్యూటర్ ముందుకు లాక్కున్నాడు. పద్మనాభం గారు గడియారం చూసి, ఇంటికి ఫోన్ చేశారు.

“వేదా, స్టేషన్‌కు రాలేనేమో బిడ్డా.”

“నువ్వొస్తవని అమ్మ నీకు గూడ పులిహోర కట్టింది నాన్నా.” మళ్ళీ ఆమే అన్నది: “పోనీ, పని చూసుకో. చూడకుండ చూసిన అని మాత్రం అనకు. అంటే నీకు నిద్ర పట్టదు.”

ఉన్న ఎనిమిది బ్లడ్ గ్రూపుల్లో ఒకటి కానిదాన్ని తిప్పి పంపే తనిఖీని ఇద్దరూ కూర్చుని రాశారు. రైలు వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చిన తొలి అభ్యర్థనలో గ్రూపు దగ్గర ‘బి’ అని మాత్రమే ఉంది, పాజిటివో నెగెటివో లేదు. వెబ్‌సైట్ తిప్పి పంపింది. మళ్ళీ వచ్చినప్పుడు ‘బి నెగెటివ్’ అని ఉంది. ఆనాడు విశాఖకు మొదట ఫోన్ చేసింది వైకుంఠమే. “అక్కా, మీ నాయిన నిన్న నావల్లనే రాలే” అన్నాడు.

2009 ఫిబ్రవరి నెలాఖరున పద్మనాభం గారు పదవీ విరమణ చేస్తున్నారు. వారిని ఇంటికి తీసుకుపోవడానికి వేదశ్రీ విశాఖ నుంచి వస్తోంది. ఈసారి ఆలస్యం చేయనివ్వనని ముందే కబురు పెట్టింది. వారు నేర్పిన పని మా చేతుల్లో భద్రంగా ఉంది. ఆ మాట చూసే చెబుతున్నాం. వారు లేని సోమవారాన్ని మాత్రం మేమింకా చూడలేదు. దానికి ‘ఏం ఫరవాలేదు’ అనే లేబుల్ ఇప్పుడే ఎలా అంటించగలం? అందుకని వారు సతీసమేతంగా సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, అప్పుడప్పుడూ ఇటు వచ్చి మమ్మల్ని చూసి పోవాలనీ కోరుకుంటున్నాం.