అడ్వర్స్ మహిమ

మూడు రోజుల సెలవుతో మొదలైంది కథ. టైపు మావయ్య కథలన్నీ అలా చిన్నగానే మొదలవుతాయి. బస్సు డిపో గేటుకి ఎదురుగా, టీకొట్టు రేకుల కింద, ఆయనా ఆయన టైపు మిషనూ ఇరవై ఏళ్లుగా కూర్చునే ఉన్నారు. డిపోలో ఎవరికి సెలవు చీటీ కావాలన్నా, మెమోకి జవాబు కావాలన్నా ఆ బల్ల దగ్గరికి రావాల్సిందే.

ఆ సాయంత్రం వచ్చింది ఆరో రూటు డ్రైవరు. చెప్పాపెట్టకుండా తొమ్మిది రోజులు డ్యూటీకి రాలేదని అతనికి మెమో ఇచ్చారు. ఎందుకు రాలేదో రేపు పొద్దున పదింటికల్లా రాసిచ్చి మేనేజర్ని ఒప్పించకపోతే ఉద్యోగం ఊడుతుంది. అతను గొంతు సవరించుకుని చెప్పబోయేలోగా మావయ్య చెయ్యెత్తి ఆపాడు. ఏం జరిగిందో తనకక్కర్లేదన్నాడు. తన దగ్గర ఒక ఇంగ్లీషు మాటుంది, అడ్వర్స్. పరిస్థితులు ఎదురు తిరిగాయని చెప్పే మాట. అది వేస్తే చాలన్నాడు.

"కష్టమొచ్చిందని రాశావనుకో, ఏం కష్టం, ఎవరికొచ్చింది, ఎంతొచ్చింది అని వంద ఆరాలు తీస్తారు. పరిస్థితులు అడ్వర్స్ అని రాస్తే ఇంక అడగడానికి నోరు రాదు."

బెంచీ మీద ఇద్దరు కండక్టర్లు సర్దుకుని కూర్చున్నారు. టీకొట్టాయన పొయ్యి తగ్గించాడు. డిపో ఊడ్చే పెద్దమ్మ కూడా తన స్టీలు గ్లాసు పట్టుకుని ఓ మూల కూర్చుంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఇవాళ్టితో ముగించుకుని, చీపుర్ల గది తాళంచెవి అప్పగించి, తిన్నగా టీకొచ్చింది.

మావయ్య అందుకున్నాడు. అప్పట్లో ఒక మెకానిక్కుకి మూడు రోజుల సెలవు కావాల్సొచ్చిందట, అడ్వర్స్ అని కొట్టిచ్చాడట, మేనేజరు కిక్కురుమనకుండా సంతకం పెట్టాడట. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి విని ఒక కండక్టరు పదకొండు రోజులకి రాయించుకున్నాడట. ఆ కాయితం చదివి మేనేజరు కళ్లు తుడుచుకుని, పదకొండు రోజులు ఏం సరిపోతాయి పాపం అని తనే ఇరవై చేశాడట. మూడో కాయితం ఏకంగా హెడ్డాఫీసుకి పోయిందట, అక్కడి పెద్దాయన దాన్ని అద్దాల చట్రంలో పెట్టించి, కొత్తగా చేరినవాళ్లందరిచేతా రోజూ చదివించాడట.

"రోజూనా?" అన్నాడు టీకొట్టాయన.

పొద్దునా సాయంత్రం, అన్నాడు మావయ్య. అక్కణ్ణుంచి ఇంక పట్టపగ్గాల్లేవు. ఆర్నెల్లుగా షెడ్డులో పడున్న బండికి ఏ మెకానిక్కూ ప్రాణం పొయ్యలేకపోతే, ఈయన ఆ మాటని పెద్దక్షరాల్లో కొట్టి ఇంజను మీద అంటించాడట, తాళం తిప్పకముందే బండి గుర్రుమందట. ఇంకోసారి వానాకాలంలో ఏరు పొంగి బస్సు మధ్యలో ఇరుక్కుపోయింది, లోపల యాభై మంది, నీళ్లు సీట్లదాకా వచ్చాయి, అదృష్టంకొద్దీ అందులో ఈయనున్నాడు, ఈయన ఒళ్లో టైపు మిషనుంది. నాలుగు వాక్యాలు కొట్టి కాయితం ముందు అద్దానికి ఆనించి పట్టుకున్నాడట.

"ఏరు వెనక్కి తగ్గింది. అడ్వర్స్ అన్నాక అది మాత్రం ఏం చేస్తుంది?"

కండక్టర్లిద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఏరుకి ఇంగ్లీషొచ్చా అని ఒకడు గొణిగాడు. డ్రైవరు మాత్రం నవ్వలేదు. మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం. ఏరు సంగతెలా ఉన్నా మెకానిక్కు సెలవు నిజమేనేమోనని అతని ఆశ.

మావయ్య సొరుగులోంచి కాయితం తీశాడు. అదివరకే కొట్టి పెట్టుంది. కింద అలాంటివే కార్బన్ ప్రతులు ఓ దొంతరున్నాయి. పేరుకీ తేదీలకీ మాత్రమే ఖాళీ వదిలాడు. డ్రైవరు దాన్నందుకుని, తొమ్మిది రోజులు తను పడ్డదంతా ఆ ఒక్క మాటలో ఇమిడిందా అని వెతుక్కున్నాడు.

అప్పుడు పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అన్నయ్యా, ఏరు నాకు తెలీదు గానీ, ఆ మెకానిక్కు సెలవు తెలుసు. ఆ రోజు మేనేజరు గది తుడుస్తున్నాను. కాయితం అటూ ఇటూ తిప్పి, వీడికేమైంది పెద్దమ్మా అని అడిగాడు. కూతురికి కామెర్లని చెప్పాను. సంతకం పెట్టాడు."

మావయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. మరి కండక్టరు సంగతో అన్నాడు.

"ఇల్లు కూలిందని చెప్పాను. ముగ్గురు మేనేజర్లు మారారు. ఆ మాట కనబడితే చాలు, ముగ్గురూ నన్నే కేకేసేవాళ్లు."

పొయ్యి మీద పాలు పొంగబోతే టీకొట్టాయన దింపుకున్నాడు. డ్రైవరు కాయితంలోంచి తలెత్తాడు.

"మరి రేపు నిన్ను అడుగుతాడా పెద్దమ్మా?"

"రేపు నేనెక్కడుంటాను నాయనా, తాళంచెవి ఇచ్చేశానుగా. అయినా నీ సంగతి నాకూ తెలీదు. ఏమైందిరా నీకు?"

ఆ ప్రశ్న అతన్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అతను బెంచీ చివర కూర్చుని, తల వంచుకుని చెప్పాడు. వాళ్లమ్మకి మతిమరుపు. అతను డ్యూటీలో ఉండగా ఇంట్లోంచి బయల్దేరింది. ఎక్కిన బస్సులో టిక్కెట్టడిగితే మావాడు డ్రైవరు అని చెప్పిందట, ఏ కండక్టరుకీ దింపెయ్యడానికి మనసొప్పలేదు. అలా ఏడు బస్సులు మారింది. ఇతను స్టాండు స్టాండూ గాలించాడు. డిపోకి ఫోను చెయ్యాలన్న ధ్యాసే లేదు. తొమ్మిదో రోజున, ఎన్నడూ పేరైనా వినని ఊళ్లో, విచారణ కిటికీ పక్క బెంచీ మీద కనబడింది. అక్కడి కండక్టర్లు వంతులేసుకుని అన్నం తెచ్చి పెడుతున్నారు.

"నన్ను గుర్తుపట్టలేదు. బాబూ, మావాడి బండి ఎప్పుడొస్తుందని నన్నే అడిగింది. ఇదేనమ్మా, ఎక్కు అన్నాను."

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మావయ్య మిషనులో కొత్త కాయితం ఎక్కించబోయి ఆగాడు.

"ఇది రాస్తే కోతలంటార్రా," అన్నాడు.

"నువ్వు రాస్తే అంటారన్నయ్యా," అంది పెద్దమ్మ. "వాణ్ణి రాసుకోనీ."

మావయ్య జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. డ్రైవరు చేతిలో కాయితం తిరగేశాడు. వెనకవైపు ఖాళీగానే ఉంది. తనకొచ్చిన మాటల్లో, మా అమ్మ తప్పిపోయింది అని మొదలుపెట్టి, వంకర అక్షరాలతో నెమ్మదిగా కిందికొచ్చాడు. బస్సుల దగ్గరికొచ్చేసరికి మావయ్య ఇంక ఆగలేకపోయాడు. బల్ల మీదికి వంగి, రహస్యం చెప్పినట్టు అన్నాడు.

"ఏడేమిట్రా, పన్నెండని వెయ్యి."

డ్రైవరు ఏడనే రాశాడు.