ఒకే పెట్టెలో రామరావణులు

పారిస్ చేతిపనుల ప్రదర్శనకు మర్నాడే ప్రయాణం. ధర్మవరం దగ్గరి తమ ఇంటి వసారాలో తోలుబొమ్మల కళాకారుడు సామాను సర్దుతున్నాడు. ఆయనతో సమానంగా బొమ్మలు చెక్కి, రంగులద్ది, దేశాలు తిరిగే భార్యకు మాత్రం ఈసారి పెట్టె ఒక్కటే ఉండాలి.

“రెండు పెట్టెలు ఉండాల్సిందే మే. రాముడూ రావణుడూ ఒకదాంట్లో పండుకుంటే కొట్లాడి చించుకుంటారని మా నాయన చెప్పినాడు.”

“రెండో పెట్టెకు కావలి ఎవరయ్యా? నేనే గదా! పోయినసారి అంత దూరం పోయి నేను చూసింది దుకాణం వెనక పరదా. బల్లకింద పట్టేది ఒక పెట్టే. ఒకటే అయితే ఆడ పెట్టి తాళమేసి, ఇద్దరమూ ఆ ఇనుప టవర్ చూసి రావచ్చు.”

“ఆచారం తప్పితే ఎట్ల?”

“ఉగాది నుంచి ఇద్దర్నీ ఒకే పెట్టెలో పండుకోబెట్టినా. తీసి చూడు.”

“అమ్మ దొంగదానా!”

ఆయన రావణుణ్ణి బల్బుకు అడ్డంపట్టి పది తలలూ వెదికాడు. ఎక్కడా చిరుగు లేదు. రాముడికి గీత కూడా పడలేదు.

“ఎంత మర్యాదగా ఉండారో చూడు. మనం ఒక దినమన్నా ఇట్ల ఉన్నామా?”

“నిద్రపోతాండారేమో!”

“నిజం చెప్పయ్యా. నీ భయం వీళ్ళ గురించేనా?”

ఆయన రావణుడి మీసం తుడిచాడు.

“ఆ టవర్ ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి మే. మన మిద్దే ఎక్కను గదా.”

“దానికి రాముణ్ణి అడ్డం పెట్టుకుంటివా? నువ్వు కిందనే నిలబడు. నేను పైనుంచి చెయ్యి ఊపుతా.”

“అంత ఎత్తు నుంచి నేను కనపడతానా?”

“కనపడకపోయినా ఊపుతా.”

ఆయన రావణుణ్ణి రాముడి పక్కనే మెల్లగా పరిచాడు.

“అయితే ఆ కుంభకర్ణుణ్ణి గూడా ఈడికే తే.”