నాలుగో కారు

కౌంటరు మీద నాలుగు వాకీటాకీలు వరసగా ఉన్నాయి. కొనడానికి వచ్చినాయన ఒకదాన్ని పక్కకు జరిపాడు.

"దీంట్లో మా మాటలు వినబడాలి. వాడి మాట మాత్రం బయటికి పోకూడదు. అలా చేసిస్తారా?"

"చేయొచ్చు సార్. ఎవరికి?"

"మా ఫ్రెండుకే. నాలుగు కార్లలో టూరుకెళ్తున్నాం. వాడికి నత్తి. ఒకడు బటన్ నొక్కి మాట్లాడుతుంటే మిగతావాళ్లు మాట్లాడలేరన్నారు కదా. వాడు ఒక్క ముక్క పూర్తి చేసేలోపు మా మూడు కార్లకీ తల ప్రాణం తోకకొస్తుంది."

"మరి ఆయనకి కొనడం ఎందుకు సార్?"

"అసలు కొందామన్నదే వాడు. కార్లో ఒక్కడే వస్తాడు, దారంతా కబుర్లు చెప్పుకోవచ్చని సరదాపడ్డాడు."

"దారిలో ఆయన కారు ఆగిపోతేనో?"

"వెనకాలే కదా వచ్చేది. అద్దంలో కనబడకపోతే అప్పుడు చూద్దాం లెండి."

దుకాణదారు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"నొక్కితే లైటు వెలిగేలా ఉంచుతాను. కానీ మీరెవరూ పలక్కపోతే ఆయనకి అనుమానం రాదూ?"

"మధ్యమధ్యలో ముగ్గురం గట్టిగా నవ్వుతాం. తన మాటకే అనుకుంటాడు. ఇన్నేళ్లలో వాణ్ణి ఎవరూ ఆపకుండా మాట్లాడనివ్వడం ఇదే మొదటిసారి. సంబరపడిపోతాడు."