పేరు చెప్పని చోటు

అంటే తప్పంతా నాదేనన్నమాట! డాక్టరు గారు "తలలో గడ్డ ముక్క ఇంకా మిగిలిపోయిందమ్మా" అన్న దగ్గర్నుంచి ఈ గుడివాడ బస్టాండు దాకా ఒక్క మాటన్నా మాట్లాడారా మీరు? ఆ ఫోను జేబులో పెట్టండి. మీరు చూడకపోతే రొయ్యల రేటేం పడిపోదులెండి.

"మత్తిస్తారు భార్గవీ, నీకేం తెలీదు" అని ఆపరేషన్ రోజు లోపలికి పంపిందెవరండీ? నేనో పిచ్చిదాన్ని. కళ్లు తెరిచేసరికి మీరు నా చెయ్యి పట్టుకునుంటారని కలగన్నాను. తీరా చూస్తే మత్తు నాకు కాదు, నా తల తోలుకి! చుట్టూ సూదులు. ఒక్కోటీ గండుచీమ కుట్టినట్టు చుర్రుమంది. ఆ తర్వాత తల నాది కాదు, కొయ్యముక్క. ఎముక కోస్తుంటే మన రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు తిరిగినట్టు ఒకటే అదురు. నొప్పి మాత్రం లేదు. మెదడుకసలు నొప్పే తెలీదంట. అచ్చం మీలాగే!

మాటలుండే చోటు కొయ్యకూడదు కదా? అందుకని నన్ను మాట్లాడిస్తూనే ఉన్నారు. లోపల సన్న కరెంటు తీగ తాకిస్తారు, బొమ్మ చూపిస్తారు. గొడుగన్నాను. పడవన్నాను. నోరు ఆగిన చోటు వదిలేస్తారు, ఆగని చోటు కోస్తారు. ఇంతలో మత్తు డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది, "మీ ఆయన పేరేంటి?" అని.

నోరు మూసుకున్నాను.

మూడుసార్లు అడిగారండీ. మూడుసార్లూ మూసుకున్నాను. "ఇక్కడ మాట ఆగిపోతోంది, వదిలేద్దాం" అన్నారు పెద్ద డాక్టరు గారు. వదిలేశారు. మాట ఆగలేదు, నేనే పలకలేదని ఇవాళ అసలు సంగతి చెప్తే ఆయనే తల పట్టుకున్నారు, చూశారుగా!

ఎందుకు చెప్పలేదంటారా? మీరే అడుగుతున్నారా? పెళ్లైన వారానికి, పేరు పెట్టి పిలిచానని మీ అమ్మగారు గరిటతో నా మూతి మీద కొట్టలేదూ? మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని! మీరక్కడే అన్నం తింటున్నారు. ఇంకో ముద్ద కలుపుకున్నారు.

కానీ ఆ గరిటకి భయపడి కాదండీ. నిజం చెప్పనా? తల తెరిచి పెట్టుకుని, అన్ని లైట్ల కింద పడుకుని, నేను ఆలోచించింది ఆయుష్షు గురించే. నాది కాదు. మీది.

ఛీ! ఏం మనిషినండీ నేను!

అదుగో, బందరు బస్సు. లేవండి. మళ్లీ కొయ్యాలంటగా, ఈసారి మీ పేరు అడగనీ. అప్పారావు. జనం చూస్తే చూడనీ... అప్పారావు, అప్పారావు, అప్పారావు!

ఎంత తగ్గుతుందో తగ్గనీ.